టీచర్‌కి కావాల్సింది ధ్యానం కాదు, తెల్లారగట్ల ఒక గంట

పోస్టు కాస్త పొడుగు. బీఈడీ, డీఈడీ చేస్తున్నవాళ్లు, డీఎస్సీకి కూర్చున్నవాళ్లు, ఇప్పటికే సీఆర్టీలుగా చేస్తున్న అన్నలూ అక్కలూ చివరిదాకా చదవండి. రేపు ఆ కుర్చీలో కూర్చునేది మీరే.

ఈ మధ్య ఏ టీచర్ల వాట్సాప్ గ్రూపు చూసినా ఒకే రకం కార్డు తిరుగుతోంది. టీచర్ల మానసిక ఆరోగ్యానికి పది ఉదయపు అలవాట్లు. సూర్యుడికంటే ముందు లేవండి. లేవగానే ఫోన్ ముట్టుకోకండి. గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం తాగండి. పది నిమిషాలు ధ్యానం చేయండి. జీవితంలో మీకు దొరికిన మూడు మంచి విషయాలు డైరీలో రాయండి. అద్దంలో మిమ్మల్ని మీరు చూసి నవ్వుకోండి. మీకోసమే ఒక అరగంట ఉంచుకోండి. శిక్షణ తరగతుల్లో కూడా దీనికి ఒక సెషన్ పెడుతున్నారు. ఎవరో వచ్చి, కళ్లు మూసుకోమని, శ్వాస గమనించమని చెప్పి, గ్రూప్ ఫోటో దిగి వెళ్తారు.

నాకు ధ్యానం మీద కోపం లేదు. ఆ కార్డు ఎవరి ఇంట్లో కూర్చుని రాశారన్నదే నా గొడవ. బెడ్రూమ్ ఉన్నవాడు, గీజర్ ఉన్నవాడు, ఎనిమిదిన్నరకి బండి తీస్తే తొమ్మిదికి ఆఫీసులో ఉండేవాడు రాసిన కార్డు అది. దాన్ని తెచ్చి ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాల టీచర్ చేతిలో పెడితే ఏమవుతుందో ఒక్కో ముక్కా చూద్దాం.

సూర్యుడికంటే ముందు లేవాలట. మనలో ఎక్కువమంది ఆశ్రమ పాఠశాలలోనో గురుకులంలోనో చదివినవాళ్లమే. ఐదింటికి గంట ఎవరు కొట్టేవారో గుర్తుందా? కొట్టేది పెద్ద తరగతి పిల్లాడే కావచ్చు, కానీ ఆ పిల్లాడిని లేపింది డ్యూటీ టీచర్. రాత్రి పదకొండింటిదాకా డార్మిటరీలో లైట్లు ఆర్పించి, ఒంటిగంటకి కడుపునొప్పి అని లేచిన పిల్లకి మాత్ర ఇచ్చి, మూడింటికి ఇంకో పిల్లాడు ఇంటి మీద బెంగతో ఏడుస్తుంటే పక్కన కూర్చుని, మళ్లీ ఐదింటికి లేచిన మనిషి. ఆయనకి తెల్లవారుజామున లేవడం ఎట్లాగో చెప్పడానికి పుస్తకాలు కావాలా? "మిరాకిల్ మార్నింగ్" 2012లో వచ్చింది. "5 ఏఎం క్లబ్" 2018లో వచ్చింది. మన స్కూళ్లలో ఐదు గంటల క్లబ్ అంతకు ముందు నుంచే ఉంది. అందులో చేరమని ఎవరూ అడగలేదు, మానుకునే వీలూ లేదు.

గోరువెచ్చని నీళ్ల సంగతి. డిసెంబరులో చింతపల్లి, లంబసింగి వైపు చదివినవాళ్లు చెప్పండి, హాస్టల్లో గోరువెచ్చని నీళ్లు ఎన్ని రోజులు చూశారు? పొగమంచులో కుళాయి తిప్పితే చేతివేళ్లు కొంకర్లు పోతాయి. ఇప్పుడు సిటీల్లో డబ్బులు కట్టి మరీ ఐసు నీళ్లలో మునుగుతున్నారు, నరాలకి మంచిదని. మనం ఏళ్ల తరబడి ఫ్రీగా చేశాం. మన నరాలు ఏమంత గట్టిపడ్డాయో తెలీదు గానీ జలుబు మాత్రం మార్చిదాకా వదిలేది కాదు.

ఇక ఫోన్ ముట్టుకోవద్దట. దీనికి మాత్రం నిజంగా నవ్వొచ్చింది. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లకి ముఖం చూపించి హాజరు వేసే యాప్ పెట్టారు, తొమ్మిది గంటల గీత గీసి. టీచర్లు రోడ్డెక్కారు. 2025 ఆగస్టు నుంచి తెలంగాణ బడుల్లోనూ ముఖ గుర్తింపు హాజరు వచ్చింది. మన గూడేల్లో సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో అందరికీ తెలుసు: ఫలానా చింతచెట్టు కింద, ఫలానా గుట్ట మీద, వాటర్ ట్యాంకు మెట్ల మీద. పొద్దున్నే టీచర్ ఫోన్ పైకెత్తి పట్టుకుని ఆ గుట్ట మీద నిలబడతాడు. పిల్లలు కింద వరండాలో నిలబడతారు. ప్రభుత్వం దృష్టిలో ఆయన బడికి వచ్చినట్టు తేలేది బళ్లో ఉన్నప్పుడు కాదు, బడి వదిలి గుట్ట ఎక్కినప్పుడు. అదే ప్రభుత్వ శిక్షణలో స్క్రీన్ తగ్గించుకోండి అని చెప్తే ఎట్లా తీసుకోవాలి?

అరగంట "నాకోసం" అనేదాని గురించి ఎక్కువ చెప్పను. ఆడ టీచర్లు చదువుతుంటే వాళ్లకే తెలుసు. ఇంట్లో వంట, తన పిల్లల జడలు, ఆ తర్వాత ఆటోనో జీపో, లేదంటే బాలికల ఆశ్రమంలో వందల మంది పిల్లల స్నానాల క్యూ. కార్డులో చెప్పిన అరగంట కావాలంటే నిద్రలోంచి కోసుకోవాలి. నిద్ర కోసుకుని ధ్యానం చేసి ఆరోగ్యం పెంచుకోమనడం, కాళ్లు నరికి చెప్పులు కొనివ్వడం లాంటిది.

ఇంత వెటకారం ఎందుకు అంటే, విషయం నిజంగా పిల్లల ప్రాణాల దాకా వెళ్తుంది కాబట్టి.

ఆశ్రమ పాఠశాలలో పొద్దున ఐదు నుంచి తొమ్మిది మధ్య జరిగేదే అసలు సంరక్షణ. ఎవరికి జ్వరం తగిలింది, ఎవరి కళ్లు పచ్చబడ్డాయి, ఎవరు రెండు రోజులుగా సరిగా తినడం లేదు, ఏ పిల్ల నెలసరి వచ్చి ఎవరికి చెప్పుకోవాలో తెలీక దుప్పట్లో ముడుచుకుంది, టిఫిన్‌కి వాడే నూక పురుగు పట్టిందా, ట్యాంకు నీళ్లు వాసన వస్తున్నాయా. ఇవన్నీ కళ్లతో చూసి పట్టుకోవాల్సినవి. 2024 అక్టోబరు చివర్లో కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి ఆశ్రమ పాఠశాలలో పిల్లలు కలుషితాహారంతో ఆస్పత్రి పాలయ్యారు. తొమ్మిదో తరగతి చదివే మన చెల్లెలు ఒకరు నిమ్స్‌లో ఉండి నవంబరు 25న చనిపోయింది. 2025 అక్టోబరులో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం బాలికల గురుకులంలో పచ్చకామెర్లు పాకి వంద మందికి పైగా పిల్లలు ఆస్పత్రుల్లో చేరారు, ఇద్దరు అమ్మాయిలు పోయారు. వీటిలో ఎవరి తప్పు ఎంత అన్నది నేనిక్కడ తేల్చడం లేదు. నేననేది ఒక్కటే. రాత్రంతా మేలుకున్న మనిషి, పొద్దున్నే వార్డెన్ పని, స్టోర్ రూమ్ తాళం, యాప్‌లో ఫోటోలు, తర్వాత ఫస్ట్ పీరియడ్ లెక్కలు అన్నీ తనమీదే ఉన్న మనిషి, ఆ పచ్చబడ్డ కళ్లని గమనించే స్థితిలో ఉంటాడా? టీచర్ పొద్దున ఎట్లా గడుస్తుందో పిల్ల పొద్దున అట్లాగే గడుస్తుంది. రెండూ వేరు కాదు.

చాలా ఆశ్రమ పాఠశాలల్లో పాఠం చెప్పే టీచరే వార్డెన్ బాధ్యత కూడా మోస్తున్నాడు. డిప్యూటీ వార్డెన్ అనో ఇన్‌ఛార్జి అనో పేరు. పేరు ఏదైనా పని ఒకటే: కూరగాయల బిల్లు, గ్యాస్ బండ, కాస్మెటిక్ చార్జీలు, పిల్లల ఆధార్, తల్లిదండ్రుల ఫోన్లు. పని గంటలు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతాయో ఎవరూ చెప్పరు. అలసిపోయానంటే మాత్రం శ్వాస మీద ధ్యాస పెట్టమంటారు.

నేను నా నోటికొచ్చింది అంటున్నానని అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో "బర్నౌట్" గురించి రాస్తూ దాన్ని రోగం అనలేదు. ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితి అంది. పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిదిద్దకపోవడం వల్ల వచ్చేది అంది. అదే సంస్థ 2022 సెప్టెంబరులో పనిచోట మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు మితిమీరిన పనిభారం లాంటి కారణాల మీదే చర్య తీసుకోమని సంస్థలకి చెప్పింది. దశాబ్దాలుగా దీని మీద పరిశోధన చేసిన క్రిస్టినా మాస్లాక్, మైఖేల్ లీటర్ ఆరు విషయాలు చూడమంటారు: పనిభారం, పని మీద మనకున్న అదుపు, దక్కే ప్రతిఫలం, తోటివాళ్లతో సంబంధం, న్యాయం, విలువలు. ఈ ఆరింటిలో నిమ్మరసం ఎక్కడుందో వెతకండి.

ఇంకోటి. ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది ఉద్యోగుల సమాచారం తీసుకుని, ఇలాంటి ధ్యానం, ఒత్తిడి నిర్వహణ క్లాసులు, వెల్‌నెస్ యాప్‌ల్లో పాల్గొన్నవాళ్లనీ పాల్గొననివాళ్లనీ పోల్చి చూశాడు. 2024లో అచ్చయింది. పాల్గొన్నవాళ్లు ఏమీ మెరుగ్గా లేరు. స్వచ్ఛందంగా ఇతరులకి పనిచేసే కార్యక్రమాల్లో ఉన్నవాళ్లకి మాత్రమే కాస్త మేలు కనిపించింది. గీజర్లూ బెడ్రూములూ ఉన్న దేశంలోనే పరిస్థితి అది.

మన రాష్ట్రం ఉదాహరణే ఇంకా బాగుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లు మరుగుదొడ్ల ఫోటోలు తీసి యాప్‌లో పెట్టాలన్న పని కొన్నేళ్లు నడిచింది. ఎంత అవమానంగా ఉండేదో మీ సార్లని అడగండి. 2024లో ఆ పని టీచర్ల మీదనుంచి తీసేశారు. ఒక్క ఉత్తర్వు. కళ్లు మూసుకోమన్న సెషన్లన్నీ కలిపినా ఇవ్వలేని ఊరట ఒక్క కాగితం ఇచ్చింది. టీచర్ పొద్దుని పాడుచేసింది ఉత్తర్వులైతే, బాగుచేసేది కూడా ఉత్తర్వులే.

ఇప్పుడు మనవాళ్ల నుంచే వచ్చే ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటేసి పోవడం మోసం అవుతుంది. "అన్నా, మా గూడెం బడికి టీచర్ వారంలో రెండు రోజులే వస్తాడు. మిగతా రోజులు మైదానంలో సొంత ఇంట్లో హాయిగా ఉంటాడు. ఆయన వెల్‌బీయింగ్ గురించి మేమెందుకు ఏడవాలి?" న్యాయమైన కోపం. బడి తాళం చూస్తూ పెరిగినవాళ్లం మనం. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆ ఒక్కడూ రాకపోతే ఆ రోజుకి బడే లేదు.

అయినా ఆలోచించండి. డుమ్మా కొట్టేవాడికి ఒత్తిడి లేదు, వాడికి ఈ కార్డూ అక్కర్లేదు, నా పోస్టూ అక్కర్లేదు. వాడి పని ఎవరి నెత్తిన పడుతోంది? అక్కడే ఉండేవాడి మీద. అదే స్కూల్లో ఉండిపోయే సీఆర్టీ మీద, మన గూడెం నుంచే వెళ్లి పర్మినెంట్ జీతంలో సగం కూడా రాకుండా పనిచేసే అక్క మీద. వాళ్లకి నెలలు నెలలు జీతం ఆగుతుంది. జూన్‌లో మళ్లీ తీసుకుంటారో లేదో తెలీదు. ఆంధ్రాలో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ వస్తుందంటే మనలో వేలమంది సంతోషపడ్డాం. అదే సమయంలో గురుకులాల్లో ఏళ్లుగా ఔట్‌సోర్సింగ్‌లో చేస్తున్న టీచర్లు తమ పోస్టులు పోతాయని సమ్మెకి కూర్చున్నారు. ఒకరి ఉద్యోగం ఇంకొకరి ఉద్యోగం మీద పెట్టి ఆడించే ఆటలో, అద్దంలో చూసి నవ్వుకోమంటే ఎవరికి నవ్వొస్తుంది? టీచర్ ఊళ్లో ఉండకపోవడానికి సోమరితనం ఒక కారణమైతే, ఉండటానికి గది లేకపోవడం ఇంకో కారణం. సోమరికి మెమో ఇవ్వండి, నేనూ మీతో వచ్చి సంతకం పెడతా. ఉండాలనుకునేవాడికి క్వార్టర్ ఇవ్వండి.

ఏకలవ్య స్కూళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2023-24 బడ్జెట్‌లో 740 ఏకలవ్య స్కూళ్లకి 38,800 మంది టీచర్లని, సిబ్బందిని తీసుకుంటామని ప్రకటించారు. పరీక్ష ఢిల్లీ నుంచి పెట్టారు, హిందీ నిబంధన మీద గొడవా జరిగింది. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల ఏకలవ్యల్లో ఉత్తరాది నుంచి వచ్చిన సార్లు, మేడమ్‌లు ఎంతోమంది. వాళ్లనేమీ అనను, వాళ్లూ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే. ఎన్నో మైళ్ల దూరంలో అమ్మానాన్నల్ని వదిలి, భాష రాని చోట, ఎప్పుడు ట్రాన్స్‌ఫర్ వస్తుందా అని చూస్తుంటారు. కానీ తెల్లారి ఐదింటికి ఆరో తరగతి కోయ పిల్లాడు "నాకు ఇక్కడ నొప్పి" అని తన మాటల్లో చెప్తే, వినే మనిషికి కోయా రాదు, తెలుగూ రాదు. ఆ పిల్లాడికి భయం, ఈ టీచర్‌కి ఒంటరితనం. ఇద్దరికీ ధ్యానం మందు కాదు.

ఈ సమస్యకి మన దగ్గర ఒక సమాధానం ఉండేది. 2000 జనవరి నాటి జీవో నంబర్ 3. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. దాన్ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది, లాక్‌డౌన్‌లో మనం ఇళ్లలో కూర్చుని ఉన్నప్పుడు. అప్పటి నుంచి ప్రతి ఎన్నికకీ ప్రత్యామ్నాయం తెస్తామంటున్నారు. మనం దీన్ని ఉద్యోగాల సమస్యగానే మాట్లాడుతున్నాం. ఉద్యోగాల సమస్యే, సందేహం లేదు. కానీ టీచర్ ఆరోగ్యం సమస్య కూడా. పక్క గూడెం నుంచి వచ్చిన టీచర్‌కి సాయంత్రం ఇంటికి వెళ్లే దారి ఉంటుంది, పండగకి పిలిచే మనుషులుంటారు, అర్ధరాత్రి పిల్లకి బాగోకపోతే ఏ బండివాడికి ఫోన్ చేయాలో తెలుసు. మాస్లాక్ చెప్పిన ఆరింటిలో "తోటివాళ్లతో సంబంధం" అంటే ఇదే గదా.

"సెల్ఫ్ కేర్" అనే మాట పుట్టుక కూడా తెలుసుకోండి, ఎందుకంటే ఆ మాట మనలాంటివాళ్ల దగ్గర నుంచే ఎత్తుకెళ్లారు. అమెరికాలో నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ క్యాన్సర్‌తో పోరాడుతూ రాసిన "ఎ బర్స్ట్ ఆఫ్ లైట్" 1988లో వచ్చింది. తన ఒంటిని కాపాడుకోవడాన్ని ఆమె రాజకీయ పోరాటంగా చూసింది, తనలాంటివాళ్లు బతకకూడదనుకునే వ్యవస్థలో బతికి ఉండటమే పోరాటం కాబట్టి. అంతకు ముందు 1969లో బ్లాక్ పాంథర్లు ఓక్లాండ్‌లో బడికెళ్లే పిల్లలకి పొద్దున్నే ఉచితంగా టిఫిన్ పెట్టడం మొదలుపెట్టారు. చూడండి, వాళ్లదీ ఉదయపు కార్యక్రమమే! కాకపోతే ఒక్కొక్కరూ తలుపేసుకుని చేసుకునేది కాదు, అందరూ కలిసి పొయ్యి దగ్గర నిలబడి చేసింది. అక్కడి నుంచి బయల్దేరిన మాట ఇప్పుడు సుగంధపు కొవ్వొత్తుల దగ్గర ఆగింది.

యోగా ఇష్టమున్నవాళ్లు చేసుకోండి. పొద్దున్నే ఏటి గట్టున నడిస్తే మనసు తేలికపడుతుందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ అది సెలవు రోజు సంగతి. డ్యూటీ చార్టులో లేని విశ్రాంతిని టీచర్ అలవాట్లలో వెతకమంటేనే నేను ఒప్పుకోను.

మరి అడగాల్సింది ఏంటి? పెద్ద పెద్ద మాటలేమీ అక్కర్లేదు. రాత్రి డ్యూటీ చేసిన టీచర్‌కి మర్నాడు మొదటి రెండు పీరియడ్లు ఉండకూడదు. నర్సుకి నైట్ డ్యూటీ తర్వాత ఆఫ్ ఇస్తారు, టీచర్‌కి ఎందుకివ్వరు? పాఠం చెప్పేవాడు వేరు, వార్డెన్ వేరు కావాలి, వార్డెన్ పోస్టులు నింపాలి. ప్రతి ఆశ్రమ పాఠశాలలో రాత్రి ఉండే ఏఎన్ఎం కావాలి. సిగ్నల్ లేని చోట హాజరు రిజిస్టర్‌లో పెట్టినా చెల్లాలి. సీఆర్టీకీ, ఔట్‌సోర్సింగ్‌కీ ఒకటో తారీఖున జీతం పడాలి. శిక్షణ పేరుతో ఏడాదికి 50 గంటలు కావాలని జాతీయ విద్యా విధానం 2020 అంటోంది కదా, ఆ గంటల్లో కొన్ని తీసి టీచర్‌కి కోయ, గోండి, సవర, కువి, కొలామీ నేర్పండి. జ్వరం వచ్చిన పిల్లాడి మాట అర్థమైతే టీచర్‌కి సగం ఆందోళన అక్కడే తగ్గుతుంది.

ఇవన్నీ ఉత్త మాటలుగా మిగలకూడదంటే లెక్క కావాలి. పండగ సెలవులకి ఊరెళ్తారు కదా. మీరు చదివిన స్కూల్‌కి ఒకసారి వెళ్లండి. నాలుగే ప్రశ్నలు. నిన్న రాత్రి డ్యూటీ ఎవరు చేశారు, ఆ మనిషి ఈరోజు ఎన్ని పీరియడ్లు చెప్పారు? వార్డెన్ వేరుగా ఉన్నారా, టీచరే చూస్తున్నారా? రాత్రి పిల్లలకి బాగోకపోతే చూసే ఆరోగ్య సిబ్బంది ఉన్నారా, లేకపోతే దగ్గర్లో పీహెచ్‌సీ ఎన్ని కిలోమీటర్లు? కాంట్రాక్టు టీచర్లకి చివరి జీతం ఏ నెలది పడింది? టీచర్ పేరు రాయకండి, వాళ్ల ఉద్యోగానికి ఇబ్బంది. స్కూల్ పేరు, మండలం, తేదీ రాయండి చాలు. ఉట్నూరు, భద్రాచలం, ఏటూరునాగారం వైపు తమ్ముళ్లు ఒక లిస్టు, పాడేరు, రంపచోడవరం, చింతూరు, సీతంపేట, పార్వతీపురం వైపు ఇంకో లిస్టు. సెలవులయ్యాక వచ్చే మొదటి సోమవారం ఎక్కడివాళ్లం అక్కడ ఐటీడీఏ గ్రీవెన్స్‌లో పీవో గారి టేబుల్ మీద పెడదాం. రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు.